నా మంట ఎలా ఉంది

జనవరి నుంచీ మా మేడ కింద పైన్ కట్టెల వాసన.
రేగులా పొద్దున బస్సు నడిపి
సాయంత్రం గొడ్డలి పడుతుంది.
జిగురు కారే పేళ్ళు ఒక బీచ్ కర్ర చుట్టూ పేర్చి
ఇనుప తీగతో బిగించి, మళ్ళీ బిగించి
పెద్ద చీపురు కట్టింది.
చలికాలాన్ని ఊడ్చడానికా అంటే నవ్వింది.
"అవన్నీ బడిలో చెబుతారు.
మా నాన్న మోశాడు, నేను మోస్తున్నాను."

నలభై కిలోలు. కాటా ముల్లు నేనే చూశాను.

ఆదివారం మెట్ల దగ్గర నన్ను ఆపి
తన పాత నూలు కోటు చేతికిచ్చింది.
"నీ నైలాను జాకెట్టంటే రవ్వలకి అప్పచ్చి."
తర్వాత, తాళంచెవి వెతుక్కుంటూ, నా వైపు చూడకుండా:
"ఒక పని చేసిపెట్టు.
పద్దెనిమిదేళ్ళయింది, నా మంట నేనెప్పుడూ చూడలేదు.
బస్సులో అయితే అద్దం ఉంటుంది.
ఊరి ద్వారం దగ్గర నిలబడు.
నాది ఎలా ఉందో చూసి చెప్పు."

*

ఏడుంబావుకి ఊళ్ళో దీపాలన్నీ ఆర్పేశారు.
మందుల కొట్టు పచ్చ గుర్తు ఒక్కటీ మర్చిపోయారు,
ఎవరో ఈల వేస్తే అదీ ఆరింది.
ముందు డప్పులు. వెనక, గడ్డకట్టిన వేళ్ళ కింద
సన్నటి పిల్లనగ్రోవులు.
నా పక్కన తండ్రి భుజాల మీద ఒక పాప
ఉల్లిపాయ రొట్టె నములుతూ
నా జుట్టులో పొడి రాలుస్తోంది.

వీధి మలుపులో గోడలు ముందు ఎర్రబడ్డాయి.
మనుషులు తర్వాత వచ్చారు.

పల్లకీ లేని బోయీల్లా
వంగి, ఒకరి వెనక ఒకరు,
తల మీద తడిగుడ్డ, చూపు నేల మీద,
వీపు వెనక మండుతున్న చెట్టు.
వాళ్ళకి కనబడేది ముందువాడి మడమ,
రాళ్ళ మీద తూలే సొంత నీడ, అంతే.
దీపం కింద చీకటని ఊరికే అనేస్తాం.
ఆ చీకటికి చెమట పడుతుందని
దానికి మోకాళ్ళుంటాయని
ఈ రాత్రి తెలిసింది.

ఇంతలో గొలుసుల చప్పుడు.
ఇనుప బండి నిండా మంట, రెండు మేడల ఎత్తు.
లాగేవాళ్ళు పరుగందుకున్నారు.
ద్వారం కమాను తగిలి మంట పడగలా విప్పుకుంది.
పైపులు పట్టుకున్నవాళ్ళు గోడ తడుపుతూనే ఉన్నారు,
నీళ్ళు గోడని చేరకముందే ఆవిరి.
జనమంతా ఒక్క ఒళ్ళై వెనక్కి వాలాం.
"మళ్ళీ!" అంది పాప.

అప్పుడే, బండి వెనకే,
ఎడమ బూటుకి నీలం లేసు.
రేగులా.
తల ఎత్తాను
సెగ కళ్ళలో కొట్టింది.

ఎంతసేపు మూసుకున్నాను?
రెప్పపాటు కన్నా ఎక్కువ, ఊపిరి కన్నా తక్కువ.
తెరిచేసరికి అన్నీ వీపులే,
మంటలన్నీ కలిసి ఒకటే మంట.

*

దీపాలు వచ్చాక ఊరు చిన్నదైపోయింది.
రేగులా మెట్టు మీద కూచుని ఉంది,
ముఖమంతా మసి, ఒక కనుబొమ్మ సగం కాలి,
చేతిలో పిండి సూపు గిన్నె వణుకుతూ.
అడగలేదు.
నా నోట్లో అబద్ధం తయారుగా ఉంది:
ఎత్తుగా, నిటారుగా, అందరికన్నా.
చెప్పలేక చెయ్యి చాపాను.
కోటు మోచేతి దగ్గర కందిగింజంత చిల్లు,
అంచు నల్లగా.

ఆమె అందులో వేలు పెట్టి చూసింది.
"ఇది నాది కాకపోవచ్చు."
"కాకపోవచ్చు."
వేలు మాత్రం తియ్యలేదు.
"కోటయితే నాదే," అంది కాసేపటికి.

సోమవారం అయిదూ నలభై బస్సు.
సీట్ల నిండా పొగ వాసన, నిద్ర.
ఎక్కి వెనకాల కూచున్నాను.
కదిలించే ముందు అద్దం సర్దుకుని
అందులో నన్ను వెతికి పట్టుకుని
సగం కనుబొమ్మ ఎగరేసింది.